వేటకులము - కంచభూమి - కముజుపిట్ట

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యాభివృద్ధిని గూర్చి మాటాడవలసినదని కార్యవర్గమువారు మమ్ము గోరియుండిరి. ముప్పదియేండ్లకు మించి బడిపంతులుగా నుండినవానికి అంతకంటె సులభమగు విషయము వేఱొకటి లేదు. అయినను వారి యనుమతి వేడి మేము వేట విషయమును గైకొంటిమి. అందులకు గారణము నిరుటి మన యూరేగింపు. వాల్మీకి మహర్షి చిత్రపటమును పూలబండిపై నుంచి మనవారు డప్పులతో నడచుచుండగా, బండికి ముందు ఒక యువకుడు వెదురుపంజరమున సజీవమగు కముజుపిట్ట నుంచి పైకెత్తి పట్టుకొని నడచెను. మేము వేటకులమువారమని లోకమునకు జాటుట యాతని యుద్దేశము. జనులు చప్పట్లు చఱచిరి. మేమును జఱచితిమి. ఇంటికి బోయి పండుకొనిన పిమ్మట గాని మాకు సిగ్గు గలుగలేదు.

ఆదికావ్యమునకు మూలము ఒక పక్షి మరణమని మీరెల్లరు నెఱుగుదురు. తమసానదీతీరమున జతగూడియున్న క్రౌంచముల జంటలో మగదానిని ఒక నిషాదుడు గొట్టగా, ఆడుపక్షి యాక్రందనము విని మునికి గలిగిన శోకమే శ్లోకమయ్యెను. ఇక ప్రభుత్వమువారి వెనుకబడిన తరగతుల పట్టికను జూడుడు. అందు మన కులమునకు వాల్మీకి, బోయ, బేదరు, కిరాతక, నిషాది మొదలగు పేళ్లు ఒక్క వరుసలో నున్నవి. శపించిన మునియు శపింపబడిన నిషాదుడును ఒక్క పంక్తియందే కూర్చుండియున్నారు! దరఖాస్తు వ్రాసికొను గుమాస్తాకు ఇందు వింత యేమియు దోపదు. మాకు మాత్రము మన కులచరిత్రమంతయు నా పంక్తియందే యున్నట్లు దోచును. మనలో గొందఱు నిషాదుని మఱచి వాల్మీకినే స్మరింతురు. వేటమాట యెత్తినంతనే తల వంచుకొందురు. మఱికొందఱు, ఆ పంజరపు యువకుని వలె, వేటయే మన పౌరుషమని చెప్పుకొందురు. ఇరువురును సగము మాత్రమే చెప్పుచున్నారని మా యభిప్రాయము.

మా స్వగ్రామము గద్వాల ప్రాంతమున, కృష్ణా తుంగభద్రల నడుమ, నడిగడ్డ యందలిది. మా తండ్రిగారికి రెండెకరముల మెట్టయు, ఒక దీమపు కముజును, గుఱ్ఱపువెండ్రుకల యుచ్చులు రెండు కట్టలును ఆస్తి. దీమమన నేమో నేటి పిల్లలకు దెలియదు గనుక చెప్పుచున్నాము. మచ్చికపడిన పక్షిని పంజరమున నుంచి, దాని పిలుపుచే అడవిపక్షిని రప్పింతురు. అట్టి మచ్చికపక్షి దీమము. తెల్లవాఱకమునుపే మా తండ్రిగారు చెదలపుట్ట కడ పంజరము నుంచి చుట్టును ఉచ్చులు నాటి, తాము బలుసుపొద మాటున గూర్చుండెడివారు. దీమము కూయగనే, తన యెల్లలోనికి మఱియొక మగపక్షి వచ్చెనని తలచి అడవికముజు పోరుటకు బరువెత్తి వచ్చి కాలు దగుల్కొనును. మేము బాల్యమున పలుమాఱు వారి వెంట బోయితిమి. ఊపిరి గట్టిగా విడిచినను వీపుపై చఱచెడివారు.

మృగశిరకార్తె వచ్చినంతనే ఆ యుచ్చులు అటుక నెక్కెడివి. వినాయకచవితి దాటువఱకు దింపుట లేదు. ఎక్కడనైన గూడు కనబడినచో (గూడన నేమి, పొదక్రింద నేలను గోకి చేసిన గుంటలో ఆఱేడు గ్రుడ్లు) ఆ పొద చుట్టునకు మేకలను సైతము తోలనిచ్చెడివారు కారు. ఆయన వాల్మీకి శ్లోకము నెఱుగరు, అక్షరజ్ఞానమే లేదు. జతగట్టిన వేళ పక్షిని గొట్టరాదని మాత్ర మెఱుగుదురు. ఇది అహింస యని మీరు భ్రమపడవలదు. మఱుసటి యేటికి పిట్ట యుండవలెనను లెక్క యిది. మనవా రందఱును ఇట్లే యుండిరని మేము చెప్పము. రాత్రివేళ గంటయు దీపమును బట్టి పోయి, కన్నులు చెదరిన పూరేళ్లను గంపలకొలది పట్టి సంతలో నమ్మినవారును మనవారే. అమరకోశమున వేటగానికి వ్యాధుడు, మృగయువు, లుబ్ధకుడు అని పేళ్లు గలవు. లుబ్ధకుడనగా లోభియు నగును. ఆ మాటను బుట్టించినవారు గంపవానిని జూచియుందురు గాని మా తండ్రిగారిని జూచియుండరు.

పక్షిని గూర్చియు గొంచెము చెప్పవలెను. కముజునకు సంస్కృతమున తిత్తిరి యని పేరు. ఆ పేరుతో వేదశాఖయే యొకటి కలదు. చరకసంహితయందు తిత్తిరిని, లావుకను, నెమలిని, కోడిని విష్కిరములను వర్గమున జేర్చిరి. విష్కిరమనగా నేలను గోళ్లతో జిమ్మి మేయునది. ఆ యొక్క మాటలో ఈ పక్షుల బ్రతుకంతయు గలదు. రాత్రి ముండ్లకొమ్మపై నిదురించినను కముజు పగలంతయు నేలమీదనే. దానికి గడ్డిగింజలు కావలెను. పిల్లలకు చెదలు, చిన్నపురుగులు కావలెను. దుమ్ములో బొర్లుటకు వట్టినేల కావలెను. డేగ వచ్చినపుడు దూఱుటకు రేగు, కలివి, పరికి పొదలు కావలెను. ఇవి యన్నియు ఒక్క కేకదూరములో నుండవలెను. ఒకటి లోపించిన పక్షి నిలువదు. మాదాపురపు హోటళ్లయందు కౌజుపిట్ట యని వడ్డించునది ఈ పక్షి గాదు. అది ఫారములలో బెంచు జపాను పూరేడు. పంతులగుటచే ఈ దిద్దుబాటు చేయక యుండలేకపోతిమి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మొదట చిన్నవేటకు అనుమతిపత్రము లిచ్చు పద్ధతి యుండెను. 1991నాటి సవరణముతో నదియు బోయెను. మా తండ్రిగారు చట్టము మాట మా నోట విని యుచ్చులను పొయ్యిలో బెట్టిరి. దీమమును విడిచిరి; అది మూడు దినములు ఇంటి చుట్టే తిరిగెను. చట్టము మంచిదే. గంపవానిని ఆపుటకు వేఱు మార్గము లేదు. అయితే చట్టము మన చేతిని బట్టుకొనినంత గట్టిగా మఱియొకరి చేతిని బట్టుకొనలేదు.

మేము 1984లో మొదటిసారి మాదాపురమును జూచితిమి. దుర్గము చెఱువు కట్టపై నిలిచిన గుండ్లును, సీతాఫలపు పొదలును, నడుమ నడుమ జొన్నచేలును గనబడెడివి. తెల్లవాఱుజామున నాలుగు దిక్కుల కముజులు పలికెడివి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమయ్యెను. పిమ్మట గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ఎట్లు మాఱినవో మీ కన్నులే చూచినవి. మేము ఆ మేడలను నిందింపము. మన పిల్లలు అందే జీతములు దెచ్చుకొనుచున్నారు; ఈ సభాభవనపు టద్దెయు ఆ జీతముల చందాలనుండియే వచ్చినది. కాని మా తండ్రిగారి యుచ్చులు జీవితకాలమున బట్టలేని పిట్టల నెలవును, మట్టిద్రవ్వు యంత్రము ఒక్క వారమున జదును జేయునని చెప్పక తప్పదు. ఆ యంత్రము నడపువానిని ఎవ్వరును వేటగాడని పిలువరు.

తెలంగాణమున కంచ యనగా పశువుల మేతకై గడ్డి పెరుగనిచ్చి కాపాడిన మెట్టభూమి. కంచ గచ్చిబౌలి, ఇమారతు కంచ అను పేళ్లలో నా మాట నిలిచియున్నది. లెక్కపుస్తకములలో ఇట్టి భూమిని చాలచోట్ల బంజరని వ్రాయుదురు. దున్నువానికది బంజరు కావచ్చును. గొఱ్ఱెలకాపరికి, వేటగానికి, పిట్టకు గాదు. బంజరని వ్రాసిన పిమ్మట దానిపై దయతలచువారును హానియే చేయుదురు. నీలగిరి చెట్లను బారులు దీర్చి నాటి అడవి పెంచితిమందురు. ఆ నీడలో గడ్డి చచ్చును, పొద చచ్చును, కముజు లేచిపోవును. చెట్టు నాటుట పుణ్యమని మేమును బడిపిల్లలకు ఏటేట జెప్పితిమి. గడ్డినేలను గడ్డినేలగా విడుచుటయు పుణ్యమేయని చెప్పలేదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయము నానుకొనియున్న కంచ గచ్చిబౌలి యందలి 400 ఎకరముల కథ మీరు వినియుందురు. 2004లో నొక ప్రైవేటు సంస్థకు గేటాయింపబడి, 2006లో రద్దయి, దీర్ఘవ్యాజ్యము పిదప 2024లో నా భూమి ప్రభుత్వమునకు దక్కెను. 2025 మార్చి చివర, సెలవుదినములలో, యంత్రములు పదులకొలది వచ్చి పొదలను జెట్లను గూల్చెను. నెమళ్లును, జింకలును, చుక్కల తాబేళ్లును, కముజులును గల నేల యది. విద్యార్థులు అడ్డుపడి దెబ్బలు తినిరి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీముకోర్టు తనంత తానే విషయమును జేపట్టి నఱకుట నాపించెను. అప్పటికే సుమారు నూఱెకరములు పోయినవి. ఆ దినములలో పట్టణపు బిడ్డలు పక్షుల పేళ్ల పట్టికలు పట్టుకొని వాదించిరి. మన సంఘమునుండి ఒక్కడును బోయి, ఈ పొదలో కముజు గ్రుడ్లు పెట్టును, ఈ పుట్టపై నిలిచి కూయును అని సాక్ష్యము చెప్పలేదు. వేయేండ్ల విద్య మనది యని గొప్పలు చెప్పుకొను మనము ఆనాడు టెలివిజను జూచుచు గూర్చుంటిమి. ఇందు మా తప్పును గలదు.

వేటగాని విద్య పక్షిరక్షణకు బనికివచ్చునా యని యెవరైన సందేహింతురేమో. కడపజిల్లా కలివికోడిని దలచుకొనుడు. 1848లో జెర్డాను దొర దానిని లోకమునకు దెలిపెను. 1900 పిమ్మట నది కనబడకపోవుటచే నశించినదనియే పండితులు నిశ్చయించిరి. 1986 జనవరిలో, సిద్ధవటము చెంత, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి భరత్ భూషణ్ వెదకుచుండగా దానిని రాత్రివేళ పట్టి చూపినవాడు ఐతన్న యను స్థానిక వేటగాడు. పండితుల గ్రంథములలో మృతి చెందిన పక్షి ఆ ప్రాంతపు వేటగాండ్ర నోట కలివికోడి యను పేరుతో బ్రతికియే యుండెను. ఆ పక్షి కొఱకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము వెలసెను. 1931-32లో నిజాము ప్రభుత్వ సాహాయ్యముతో హైదరాబాదు రాజ్యపు పక్షుల నన్నింటిని బరిశీలించిన సాలిం అలీ పండితుడును, బాల్యమున గాలితుపాకితో నొక పిచ్చుకను గొట్టి, దాని పేరు దెలిసికొనబోయి పక్షిశాస్త్రజ్ఞుడయ్యెను.

అమెరికాదేశమున వేట నేటికిని అనుమతింపబడినది. అచట తుపాకులపై తూటాలపై సుంకము విధించి, ఆ ధనమును వన్యజీవుల నెలవులకు వినియోగించునట్లు 1937లో శాసనము చేసిరి. 1982లో మిన్నెసోటా రాష్ట్రమున మెట్టపక్షుల వేటగాండ్రే గూడి ఫెజెంట్స్ ఫరెవర్ అను సంఘమును స్థాపించి, గడ్డినేలలను బాగుచేయ బూనిరి. వారి వలె మనకును వేట నిమ్మని మేము కోరము. ఈ దేశపు జనసంఖ్యకు, మిగిలిన కొలది నేలకు నది తగదు. వేటగాండ్రు పిట్ట కొఱకు నేలను గాపాడిరను నంతమట్టుకే మనము గ్రహింపవలసినది.

పోషకులతో నొక మాట. మీలో భూవ్యాపారమున బాగుపడినవారు గలరు. మా యుపన్యాసమును అచ్చువేయించుచున్నవారును మీరే. పాలమూరు జిల్లాలయందు మన గ్రామముల కంచలు ఇంకను గొన్ని మిగిలియున్నవి. అవి మీ పటములలో ప్లాట్లు గాకుండ జూడుడు. లేఅవుటు వేయక తప్పనిచోట, విదేశపు గడ్డిని బఱచి నీరు పోయుటకు మాఱుగా, ఒక మూలయందలి రేగుపొదలను అట్లే విడువుడు. మీకు ఖర్చు తగ్గును గాని పెరుగదు.

2002నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానికసంస్థయందును ఒక జీవవైవిధ్య సమితి యుండి, ఆ యూరి ప్రాణుల నెలవులను, జనుల తెలివిని పుస్తకమున నెక్కింపవలెను. మన వృద్ధులు ఎనుబదియేండ్లవారు పోవుచున్నారు. వారి నోటినుండి పక్షుల పేళ్లు, కూతలు, కార్తెల లెక్కలు వ్రాసికొని ఆ పుస్తకములకు జేర్చుటకు మన విద్యార్థులు పదిమందికి వేసవిసెలవులలో సంఘనిధినుండి భత్యమిండు. పంజరమున కముజు నుంచుట చట్టప్రకారము నేరము. ఈ యేటి యూరేగింపున నది యుండదని కార్యవర్గమువారు మాట యిచ్చిరి. నిరుటి యువకుని మేము వెదకి కలిసికొంటిమి. అతడు కోపింపలేదు. దీమమును బెంచుట తన తాత నేర్పెనని చెప్పి, ఆ తాతను మాకు జూపెదనన్నాడు. వ్రాసికొనవలసినవారిలో ఆయన మొదటివాడు.

మా యన్న మనుమడొకడు నానక్‌రామ్‌గూడ యందలి యొక మేడకు రాత్రి కావలివాడు. మొన్న తెల్లవాఱుజామున ఫోను చేసి, "తాతా, గేటు బయట కౌజు కూస్తున్నది, వినబడుతున్నదా?" అని యడిగెను. వినబడెను. ఒక్క మగది, బదులు పలుకు పక్షి లేదు. ఎచటనని యడుగగా, ప్రక్కన అమ్మకపు పలక నాటిన ఖాళీస్థలమున రాళ్లగుట్ట కలదని చెప్పెను.

రేపు ఆదివారము. సూర్యోదయమునకు బూర్వమే కొత్తగూడ వృక్షోద్యానపు ద్వారము కడ మేము నిలిచియుందుము. వినగోరువారు రండు. పిల్లలను దోడ్కొని రండు. మాటాడకుండ నడువవలెనని మాత్రము వారికి ముందే చెప్పుడు.