కొబ్బరి, కొవ్వు, స్థూలకాయం

పసిఫిక్ మహాసముద్రంలోని పగడపు దీవుల సముదాయమైన టోకెలావ్‌లో ప్రజలు ఒకప్పుడు తమ ఆహారశక్తిలో సుమారు 63 శాతాన్ని కొబ్బరి నుంచే పొందేవారని, అయినా వారిలో గుండె, రక్తనాళాల జబ్బులు అరుదేనని 1981లో వెలువడిన పరిశోధన తెలిపింది. దీన్ని కొబ్బరినూనెకు యోగ్యతాపత్రంగా భావించడం పొరపాటు. వారు తిన్నది పీచుతో కూడిన కొబ్బరి, దానికి తోడు చేపలు, రోజంతా ఒళ్లు వంచి చేసే శ్రమ. న్యూజిలాండుకు వలసవెళ్లి చక్కెరకు అలవాటుపడినవారిలో స్థూలకాయం, మధుమేహం పెరిగాయి.

కొబ్బరినూనెలో అధికభాగం సంతృప్త కొవ్వు, అంటే చలికాలపు ఉదయాన సీసాలో తెల్లగా పేరుకుపోయే రకం కొవ్వు. అందులో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లం వెంటనే శక్తిగా ఖర్చయి బరువు తగ్గిస్తుందని ప్రచారం జరుగుతున్నా, నిజానికి అది చాలావరకు ఇతర కొవ్వుల మాదిరిగానే రక్తంలో చేరుతుంది. 16 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2020 నాటి విశ్లేషణలో ఇతర వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె, రక్తనాళాల గోడల్లో పేరుకునే ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను పెంచిందని, బరువును మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గించలేదని తేలింది.

కోనసీమ ఇళ్లలో రోట్లో నూరే కొబ్బరిపచ్చడి సంగతి వేరు: 100 గ్రాముల పచ్చికొబ్బరిలో సుమారు 350 కిలోకేలరీలున్నా, 9 గ్రాముల పీచు కూడా ఉండడంతో కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది.