తుప్పు పట్టదన్న కత్తి



గత సంవత్సరము మాగాయ పెట్టు దినములలో మా ఇంట ఒక చిన్న వివాదము జరిగినది. మామిడికాయల చెక్కు తీసి ముక్కలు తరుగుటకు క్రొత్తగా కొన్న స్టెయిన్‌లెస్ స్టీలు కత్తిని వాడితిమి. పని ముగిసి, ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి జాడీ కెత్తిన పిమ్మట, ఆ ఉప్పురసము మిగిలిన పళ్లెములోనే కత్తిని వదలి నిద్రపోయితిమి. తెల్లవారి చూడగా కత్తి అలుగు మీద ఆవగింజకన్న చిన్నవైన గోధుమరంగు చుక్కలు ఏడెనిమిది కనబడినవి. ఎంత తుడిచినను పోలేదు. గోటితో తడవగా గుంటలు తగిలినవి.

కత్తిని అంగడికి తీసికొనిపోయి, "తుప్పు పట్టదని చెప్పి అమ్మితిరి గదా!" అని అడిగితిమి. అంగడివారు దానిని ఇటు నటు త్రిప్పి చూచి, "నీళ్లకు పట్టదన్నాము గాని, ఉప్పులో ఊరబెట్టమని చెప్పలేదండీ!" అనిరి. ఆ మాట ఆనాడు మాకు కష్టముగా తోచినది. తరువాత విచారింపగా, న్యాయము వారి పక్షముననే కొంత ఎక్కువగా ఉన్నదని ఒప్పుకొనవలసి వచ్చినది.

ఈ ఉక్కు పుట్టుకయే వింతయైనది. ఇంగ్లండులోని షెఫీల్డు నగరము కొన్ని శతాబ్దములుగా కత్తులకు ప్రసిద్ధి కెక్కినది. అచ్చట హారీ బ్రేర్లీ అను లోహశాస్త్రజ్ఞుడు 1913లో తుపాకి గొట్టములు లోపల అరిగిపోకుండుటకు తగిన ఉక్కును వెదకుచు, నూటికి సుమారు 13 పాళ్లు క్రోమియము కలిపిన ఉక్కును పోతపోయించెను. సూక్ష్మదర్శినితో పరీక్షించుటకై దానిపై ఆమ్లము పూయగా ఆమ్లము దానిని తినలేదు. వెనిగరు గాని నిమ్మరసము గాని దానిని ఏమియు చేయలేకపోయినవి. ఇది తుపాకులకన్న భోజనపు బల్లమీది కత్తులకు తగినదని ఆయన గ్రహించెను. కాని ఆ ఊరి కమ్మరులకు ఈ ఉక్కు మొదట లొంగలేదు. కోయలేని కత్తులను కనిపెట్టినవాడని ఆయనను ఎగతాళి చేసిరి. ఆయన దీనిని తుప్పు పట్టని ఉక్కు అని పిలిచెడివాడు. కత్తుల తయారీలో ఆరితేరిన ఎర్నెస్టు స్టువర్టు అనునతడు దీనికి స్టెయిన్‌లెస్ అని, అనగా మరక లేనిదని, పేరు సూచించెను. అంగళ్లలో అమ్ముటకు ఇంతకన్న మంచి పేరు దొరకదు. ఇండ్లలో ఇన్ని అపోహలు కలిగించిన పేరును లేదు!

నిజమునకు ఈ ఉక్కు తుప్పు పట్టని జాతి కాదు. తన్ను తాను కాపాడుకొను జాతి. ఇందలి క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి అలుగంతటను ఒక పొరను కప్పును. దాని మందము తలవెండ్రుక మందములో పదివేలవ వంతు కూడ ఉండదు. గీత పడినను, సాన పట్టినను, గాలి తగిలినంతనే పొర తిరిగి ఏర్పడును. పచ్చి పులుసునకు గాని మంచినీటికి గాని అది సులభముగా చెదరదు. ఉప్పు మాత్రము దానికి పరమశత్రువు. ఉప్పులోని క్లోరైడు పొరను ఒకచో ఛేదించి లోపలికి తొలుచుకొనిపోవును. ఆ గుంటలోనికి గాలి చేరదు, కనుక పొర మరల కట్టుకొనజాలదు; గుంట లోతగుచునే యుండును. మా కత్తికి ఆ రాత్రి పట్టిన గతి ఇదియే.

"మా స్టీలు గిన్నెలకు ఇట్లు కాలేదే!" అని గృహిణులు అడుగవచ్చును. గిన్నెల ఉక్కు వేరు. మంచి రకము గిన్నెలలో నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. కత్తికి పదును నిలువవలెనన్నచో కర్బనము ఎక్కువ కావలెను. అది కొంత క్రోమియమును తనతో పట్టి యుంచి, పొరకు అందకుండ చేయును. అందుచే సాధారణపు కత్తులలో క్రోమియము 13 పాళ్ల ప్రాంతమున ఉండి, నికెలు దాదాపు ఉండదు. అయస్కాంతమును దగ్గరకు తెచ్చి చూడుడు: కత్తికి గట్టిగా అంటుకొనును, పైన చెప్పిన రకము గిన్నెకు అంటదు, అంటినను బలహీనముగా అంటును. మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున ఒకప్పుడు మూసలలో కరగించిన ఉక్కునకై పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ ఉక్కు పదునునకు మూలము కర్బనమే. క్రోమియపు పొర రక్షణ దానికి లేదు. పదునునకు, తుప్పు పట్టకుండుటకు పొత్తు కుదుర్చుట ఎన్నడును సులభము కాలేదు.

ఇక వాడుక. కత్తితో పని ముగిసినంతనే కడిగి, పొడిబట్టతో తుడిచి, గాలి తగులునట్లు పెట్టవలెను. తొట్టిలో ఎంగిలి గిన్నెల క్రింద నాననీయరాదు. పిడి మొదట, అలుగు కలియు సందున, తడి దాగియుండును. మరకలు అధికముగా అచ్చటనే పుట్టును. ఇనుపపీచుతో రుద్దుట మరియొక పొరపాటు. ఇనుపరజను అలుగుపై నిలిచి, తాను తుప్పు పట్టి, నింద కత్తిమీదికి తెచ్చును!

మరక లన్నియు తుప్పు కావు. తెల్లని చారలు బోరు నీటిలోని సున్నము. నిమ్మచెక్కతో తుడిచి వెంటనే కడిగినచో పోవును. నీలి, ఊదా రంగులు వేడి తగిలి వచ్చినవి, వానివలన హాని లేదు. పైపై తుప్పు మరకకు వంటసోడాను తడిపి ముద్దచేసి, మెత్తనిబట్టతో అలుగు పొడుగున రుద్దవలెను. గుంట పడినచో సాన తప్ప మందు లేదు.

మా తల్లిగారికి ఒక పాత ఇనుప కత్తిపీట ఉన్నది. అరటికాయ తరిగినచో దాని అలుగు నల్లబడును. ఆమె దానిని వెంటనే కడిగి, తుడిచి, నూనెచుక్క రాచి గోడకు చేర్చును. దానికి తుప్పు పట్టగా మేమెన్నడును చూడలేదు. ఈ పాతకాలపు చాదస్తము ఏమిటని మునుపు నవ్వెడివారము.

మా కత్తికి సాన పట్టించితిమి. ఏడు చుక్కలు పోయినవి. పిడి దగ్గరది ఒకటి మిగిలినది. ఈ సంవత్సరము మాగాయకు దానినే వాడితిమి. ముక్కలకు ఉప్పు చల్లుటకు ముందే మా తల్లిగారు దానిని మా చేతినుండి తీసికొని, కడిగి, తన కత్తిపీట ప్రక్కన పెట్టినది.