ఏడుకొండల ఎడింబరో: చూపునకు తగిన తావు
(సాంస్కృతిక సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



ఏడుకొండలన్న మాట చెవిని పడినంతనే తెలుగువారి మనస్సు తిరుమలకు పోవును. ఐరోపావాసుల మనస్సు రోమునకు పోవును. స్కాట్లండు రాజధానియైన ఎడింబరో పౌరులు మాత్రము తమ నగరమునే తలచుకొందురు. తమ ఊరు కూడ రోమువలె ఏడుకొండలమీద వెలసినదని వారు చెప్పుకొందురు. కోటకొండ, కాల్టన్ కొండ, ఆర్థర్స్ సీట్, కార్‌స్టార్ఫిన్, బ్లాక్‌ఫర్డ్, బ్రెయిడ్, క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనునవి ఆ ఏడు. ఉద్యోగరీత్యానో, బిడ్డల చదువుల కారణముననో ఆ నగరమునకు పోవు భారతీయులు నేడు కలరు. అట్టివారికి అచ్చట తీరికగా తిరుగుటకు లభించునది ఒకటి రెండు దినములే. కావున ఏ కొండ నెక్కిన నగరము బాగుగా కానవచ్చునను ప్రశ్న వట్టి కుతూహలమునకు సంబంధించినది కాదు.

ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పు సమాధానము, అన్నిటికంటె ఎత్తైన దాని నెక్కుమనుట. ఎత్తైన చోటు వేరు, చూపునకు తగిన చోటు వేరు. నగరమునకు ఏయే రూపములు ప్రాణములో అవి యన్నియు ఒక్కచోటినుండి కంటబడినప్పుడే ఆ చోటు ఉత్తమమైన దగును. అంతేకాదు, అట్టి చోటు నేటివరకు మిగిలియుండుట కేవలము ప్రకృతి ప్రసాదము కాదు. అది పౌరులు వాదులాడి, వ్యాజ్యములు నడపి, చట్టములు చేయించి నిలుపుకొన్న ఆస్తి.

మొదట ఆ కొండల పుట్టుక నెరుగుట మంచిది. సుమారు 34 కోట్ల సంవత్సరముల క్రిందట అచ్చట అగ్నిపర్వతములు రగులుచుండెను. అవి చల్లారిన పిదప వాని గొంతులలో గడ్డకట్టిన శిలయే నేటి కోటకొండ. ఆర్థర్స్ సీట్ కూడ ఆ కాలపు అగ్నిపర్వతపు శేషమే. తరువాతి హిమయుగములలో పడమటినుండి తూర్పునకు మంచుగడ్డలు మెల్లగా జారి మెత్తని రాతిని గీచివేసినవి. కోటకొండ గట్టిదగుటచే నిలిచెను. దాని వెనుకనున్న నేల దాని చాటున బ్రతికి తోకవలె తూర్పునకు వాలుచు మిగిలెను. ఆ తోక వెన్నుమీదనే పాతనగరపు రాజవీథి కోటనుండి హోలీరూడ్ రాజప్రాసాదము వరకు సుమారు ఒక మైలు దిగుచు పోవును. దీనికి ఉత్తరమున నుండిన పల్లములో ఒకప్పుడొక మురికి చెరువుండెను. 18వ శతాబ్దిలో దానిని ఎండగట్టుట మొదలిడిరి; నేడక్కడ ఉద్యానవనములు, రైలుమార్గము ఉన్నవి. పల్లమునకు ఆవల, జేమ్స్ క్రెయిగ్ 1767లో గీచిన పటము ననుసరించి, తిన్నని వీథులతో కొత్తనగరము లేచెను. కొండ, కోట, పాతనగరము, పల్లము, కొత్తనగరము, ఉత్తరమున సముద్రపు పాయ: వీని కూడికయే ఎడింబరో. ఈ కూడిక చూపునకు దొరకవలెను.

ఇక ఒక్కొక్క చోటిని పరీక్షింతురు గాక. ఆర్థర్స్ సీట్ 251 మీటర్ల ఎత్తు. అలవాటున్నవారు హోలీరూడ్ నుండి గంటలోపల ఎక్కుదురు. శిఖరమునుండి ఉత్తరమున ఫోర్త్ అను సముద్రపు పాయ, దాని ఆవలి ఫైఫ్ తీరము, దక్షిణమున పెంట్లండ్ కొండలు, పడమట నగరమంతయు కానవచ్చును. దృశ్యము విశాలమే. అయినను నగరము పరచిన పటమువలె చదునై కనబడును. కోట ఆటబొమ్మవలె చిన్నదై పోవును. అన్నిటికంటె పెద్ద లోపము మరియొకటి కలదు. నగరమునకు అందము నిచ్చు ఆర్థర్స్ సీట్ అచ్చటినుండి కనబడదు. అది చూచువాని పాదములక్రిందనే యున్నది. కోట విషయము కూడ అంతియే. కోటగోడలపైనుండి కొత్తనగరపు వీథులు గీతలు గీచినట్లు చక్కగా తోచును. కాని చూడవలసిన కోట చూపులో నుండదు. లోనికి పోవుటకు టిక్కెట్టు కూడ కొనవలెను.

"దూరపు కొండలు నునుపు" అని తెలుగువారు ఆశపడు వానిని హెచ్చరింతురు. ఎడింబరోలో ఈ సామెత హెచ్చరిక కాక మార్గదర్శకమే యగును. అక్కడి కొండలను చూడవలెనన్న కొంత దూరమున నిలువవలెను.

అట్టి దూరమును, అట్టి ఎత్తును సరిగా కుదుర్చుకొన్నది కాల్టన్ కొండ. దాని ఎత్తు 103 మీటర్లు మాత్రమే. ప్రిన్సెస్ వీథి తూర్పుకొసనుండి మెట్లమార్గమున కొలది నిమిషములలో ఎక్కవచ్చును. పైనుండి నైరృతిదిక్కున చూచినచో ముందు డ్యూగాల్డ్ స్టూవర్ట్ స్మారకము గుండ్రని చిన్న మంటపమువలె నిలుచును. దాని వెనుక ప్రిన్సెస్ వీథి, 1846లో ప్రారంభించిన వాల్టర్ స్కాట్ స్మారక గోపురము, అన్నిటికిని పైన కోట. దక్షిణమునకు తిరిగినచో ఆర్థర్స్ సీట్ పరుండిన సింహమువలె కనబడును. ఉత్తరమున లీత్ రేవు, సముద్రము. ఈ కొండ అన్నిటిని చూపి, తాను మాత్రము చాటున నుండును. ఆ నగరములోనే పుట్టిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1878లో వెలువడిన తన గ్రంథమున ఈ కొండకే పెద్దపీట వేసెను. కోటనుగాని ఆర్థర్స్ సీట్‌నుగాని ఎక్కినవాడు పోగొట్టుకొను దృశ్యము ఇచ్చట దొరకుటయే అందులకు కారణము.

చూపు విషయమున ఈ కొండకు మరియొక ఖ్యాతి కలదు. రాబర్ట్ బార్కర్ అను చిత్రకారుడు కాల్టన్ కొండనుండి నలుదిక్కుల కనబడు నగరమును గుండ్రని తెరపై చిత్రించు విధానమునకు 1787లో పేటెంటు పొందెను. చూచువాడు నడుమ నిలిచి చుట్టును తిరిగి చూచినచో కొండమీద నున్నట్లే తోచును. కొలది యేండ్లకే ఈ విధానమునకు "పనోరమా" అను పేరు వచ్చెను. సర్వమును చూచుట యని అర్థమిచ్చు గ్రీకు పదములనుండి కూర్చిన ఆ మాట నేడు ప్రపంచమంతట వ్యాపించినది.

కొండ లెక్కలేని పెద్దలకు కూడ మంచి తావులు కొన్ని కలవు. పాతనగరమునకు దక్షిణమున గ్రాస్‌మార్కెట్ వీథినుండి పైకిపోవు "వెనెల్" అను మెట్లసందు కలదు. పేరు తెలుగు చెవికి వెన్నెలను స్ఫురింపజేయును గాని దాని అర్థము ఇరుకుసందు. నాలుగు మెట్లెక్కి వెనుదిరిగినచో ఇళ్ళ నడుమ కోట నిటారుగా లేచి కనబడును. ఉత్తరమున ఇన్వర్లీత్ ఉద్యానములోని చెరువుగట్టున నిలిచినచో నగరపు శిఖరరేఖ యంతయు ఒక్క వరుసలో తోచును. దక్షిణమున 164 మీటర్ల బ్లాక్‌ఫర్డ్ కొండనుండి కోటయు, ఆర్థర్స్ సీట్‌యు రెండును కానవచ్చును. ఆ కొండపై 1896లో ప్రారంభమైన రాజకీయ నక్షత్రశాల కలదు.

తావుతోబాటు వేళను కూడ ఎరుగవలెను. కాల్టన్ కొండపై ఉదయము సూర్యుడు చూచువాని వెనుక నుండి కోటగోడలను వెలిగించును. సాయంకాలము కోట వెనుకకు వ్రాలి దానిని నల్లని ఛాయగా మార్చును. జూను మాసమున రాత్రి పదిగంటల ప్రాంతమునకు గాని ప్రొద్దు గ్రుంకదు. డిసెంబరులో నాలుగు గంటలు కాకమునుపే గ్రుంకును. తూర్పుగాలి వీచినప్పుడు సముద్రముపైనుండి "హార్" అను పొగమంచు వచ్చి నగరమును కప్పివేయును. ఈ మంచు ఎంతటిదో తెలుపు నిదర్శనము కొండపైననే కలదు. లీత్ రేవులోని నావికులు తమ గడియారములను సరిచూచుకొనుటకై 1850ల ప్రారంభమున నెల్సన్ స్తంభముపై ఒక బంతి నమర్చిరి. సరిగా ఒంటిగంటకు అది క్రిందికి జారును. మంచు కమ్మిన దినమున బంతి కనబడకపోవుటచే 1861 నుండి కోటపై ఫిరంగిని కూడ ప్రేల్చుట మొదలిడిరి. చూపునకు అందని సమయమును చెవి కందించు ఆ ఆచారము నేటికిని సాగుచున్నది.

ఈ దృశ్యములు తమంతట తాము మిగిలినవి కావు. కాల్టన్ కొండలో కొంతభాగమును నగరసభ 1724లోనే కొని ప్రజలకు విడిచెను. పౌరుల ఆరోగ్యమునకై దానిపై నడకబాట వేయవలెనని కోరినవారిలో తత్త్వవేత్త డేవిడ్ హ్యూము ముఖ్యుడు. ఆ బాటకు నేటికిని అతని పేరే. కొత్తనగరము లేచుచుండగా ప్రిన్సెస్ వీథికి దక్షిణపు వైపున కూడ ఇండ్లు కట్టుట మొదలయ్యెను. ఆ వరుస పూర్తియైనచో కోటయు, పాతనగరమును గోడచాటున పడిపోవును. వీథిలో స్థలములు కొన్నవారు వ్యాజ్యము వేసిరి. అది 1770లలో లండనులోని ప్రభువులసభ వరకు పోయెను. తుదకు 1816లో పార్లమెంటు చట్టము ఆ వైపున కట్టడములను నిషేధించెను. తూర్పుకొసన అప్పటికే లేచినవియు, తరువాత వచ్చిన చిత్రశాలలు, స్మారకములును తప్ప ఆ వైపంతయు నేడు తోటయే. అంగళ్ళ వీథిలో నడచు సామాన్యుడు తలయెత్తిన చాలు, కోట కనబడును. నాటి వ్యాజ్యము అతనికి విడిచిన వారసత్వమది.

పోరాటము అంతటితో ముగియలేదు. న్యాయమూర్తి హెన్రీ కోబర్న్ 1849లో నగరాధిపతికి బహిరంగలేఖ వ్రాయుచు, ఎడింబరో అందమును చెడగొట్టుటకు ఉత్తమమార్గము లేవియో వ్యంగ్యముగా చర్చించెను. అతని పేర 1875లో స్థాపించిన సంఘము నేటికిని నగరసౌందర్య రక్షణకై పనిచేయుచున్నది. 1995లో పాతకొత్త నగరములు రెండును యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరెను. ఈ శతాబ్ది తొలి దశాబ్దిలో నగరపాలకవర్గము ముఖ్యదృశ్యములను గుర్తింపజేసి, కొత్త భవనములవలన వానికి కలుగు హానిని విచారించు పద్ధతి నేర్పరచెను. అయినను వివాదములు తప్పలేదు. కాల్టన్ కొండకు చేరువన 2021లో ప్రారంభమైన సెయింట్ జేమ్స్ వాణిజ్యవాటికలో రిబ్బను చుట్టినట్లున్న హోటలు శిఖరము కొండపైనుండి స్పష్టముగా కానవచ్చును. అది నగరమునకు అలంకారమని కొందరు, కళంకమని కొందరు. చట్టమున్నను కాపలా మానరాదని ఈ వివాదము తెలుపుచున్నది.

చూపును కేవలము వినోదముగా కాక పరిపాలనకు సాధనముగా మార్చిన మహనీయుడు పాట్రిక్ గెడ్డిస్. అతడు వృక్షశాస్త్రజ్ఞుడు. 1886లో భార్యతోకూడ పాతనగరపు పేదవాడలో కాపురముండి, ఇరుగుపొరుగు ఇండ్లను బాగుచేయుట కుపక్రమించెను. 1892లో కోటకు చేరువనున్న ఒక గోపురమును తీసికొని దానికి "ఔట్‌లుక్ టవర్" అని పేరిడెను. అంతకుముందు 1850లలోనే మరియా షార్ట్ అను నామె ఆ గోపురముపై చీకటిగది యొకటి నమర్చియుండెను. పైనున్న అద్దమును, కటకమును వెలుగును లోనికి ప్రసరింపజేయగా నగరపు ప్రతిబింబము తెల్లని బల్లమీద పడును. వీథిలో నడచు మనుష్యులు, కదలు బండ్లు కూడ దానిపై కనబడును. గెడ్డిస్ సందర్శకులను మొదట తిన్నగా పైకి గొనిపోయెడివాడు. చీకటిగదిని, ఆరుబయటి డాబాను చూపిన పిదప ఒక్కొక్క అంతస్తే దింపెడివాడు. ఎడింబరో, స్కాట్లండు, ఆంగ్లభాషాదేశములు, ఐరోపా, తుదకు ప్రపంచము: ఇవి క్రమముగా ఆ అంతస్తుల విషయములు. చూచినదానిని తలపోయుటకై ఒకే కుర్చీగల చిన్న గదికూడ అచ్చట నుండెను. నేడా గోపురము వినోదశాలగా నడచుచున్నది. చీకటిగది నేటికిని పనిచేయుచున్నది.

ఈ గోపురముతో తెలుగునేలకును దూరపు బంధుత్వము కలదు. 1914లో గెడ్డిస్ తన నగరనిర్మాణ ప్రదర్శనమును భారతదేశమునకు పంపెను. మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎండెన్ నౌకయే ఆ సామగ్రిని మోసికొనివచ్చు ఓడను కూడ ముంచెను. పటములన్నియు సముద్రము పాలయ్యెను. అతడు అధైర్యపడక మిత్రుల సాయమున క్రొత్త పటములు సేకరింపజేసి 1915లో మద్రాసులో ప్రదర్శించెను. పిదప నాటి మద్రాసు రాజధానిలోని పట్టణములను చూచి నివేదికలు వ్రాసెను. 1918లో ఇండోరు నగరమునకు పెద్ద నివేదిక సమర్పించెను. 1919 నుండి కొంతకాలము బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యుడుగా నుండెను. ఇరుకువీథులను కూలద్రోయుటకు ముందు వానిలో నడచి చూడవలెననియు, రోగనిర్ణయము లేక చికిత్స కూడదనియు అతడు ప్రభుత్వములకు బోధించెను. ఎడింబరో గోపురముపై నేర్పిన పాఠమే అది: మొదట మొత్తమును చూడుము, పిదప పటమును గీయుము. కార్యాలయములలో పటములు, దస్త్రములు పరిశీలించువారికి ఈ మాట నేటికిని పాతబడలేదు.

కాల్టన్ కొండమీదనే దీనికి మరియొక పాఠము కలదు. నెపోలియను యుద్ధములలో మృతులైన స్కాట్లండు వీరులకు గ్రీకు పార్థినాన్ ఆలయమువంటి స్మారకము కట్టదలచి 1822లో శంకుస్థాపన చేసిరి. 1829 నాటికి ధనము చాలక పండ్రెండు స్తంభములతో పని నిలిచిపోయెను. ఆ కాలపువారు దానిని నగరమునకు అవమానమని యెంచిరి. నేడా స్తంభముల నడుమ కూర్చుండి ప్రజలు సూర్యాస్తమయము చూచుచున్నారు. కట్టడము పూర్తి కాకపోయినను నగరము ఓర్చుకొన్నది; దృశ్యము పోయినచో ఓర్చుకొనలేదు.

కావున ఒక్కదినమే యున్నవారు ఉదయము వెనెల్ మెట్లనుండి కోటను క్రిందినుండి చూడవలెను. మధ్యాహ్నము, ఆకాశము నిర్మలముగా నున్నచో, గెడ్డిస్ గోపురపు చీకటిగదిని చూడవలెను. మబ్బుపట్టిన దినమున ప్రతిబింబము మసకగా నుండును. సాయంకాలము కాల్టన్ కొండ నెక్కవలెను. అచ్చట తలుపు లేదు, టిక్కెట్టు లేదు, కావలివాడు లేడు. ధనికునకును బీదకును ఒక్కటే మెట్లు, ఒక్కటే చూపు. రెండువందల యేండ్లకు పైగా పౌరులు వాదులాడినది ఈ సమత్వము కొరకే.