సరిసమానమైన సమరము
(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ ప్రసంగ పాఠము)



భోజన విరామమున చదరంగపు బల్లచుట్టు మూగినవారు, ఆట ‘డ్రా’ అయినదనగానే పెదవి విఱిచి లేచిపోవుట కలదు. గెలుపు లేనిచోట పౌరుషము లేదని వారి తలంపు. అది పొరపాటని 1960 నవంబరులో తూర్పు జర్మనీలోని లైప్జిగ్ నగరమున, చదరంగ ఒలింపియాడ్‌లో జరిగిన ఒక ఆట చాటుచున్నది.

తెల్లపావులు 17 ఏండ్ల అమెరికా బాలుడు బాబీ ఫిషర్‌వి. నల్లపావులు సోవియట్ వీరుడు మిఖాయిల్ తాల్‌వి. ఆ సంవత్సరముననే తాల్ బోట్విన్నిక్‌ను ఓడించి, 23 ఏండ్ల ప్రాయమున ప్రపంచ విజేత అయ్యెను. అంతకు ముందు 1959లో, యుగోస్లావియాలో జరిగిన అభ్యర్థుల పోటీలో ఫిషర్ అతనితో నాలుగు ఆటలాడి, నాలుగింటను ఓడియుండెను.

తాల్ ఎన్నుకొన్నది ఫ్రెంచి రక్షణ. 1834లో లండన్, పారిస్ నగరములు ఉత్తరములద్వారా ఆడిన పోటీలో పారిస్ పక్షము వాడుటచే దాని కాపేరు వచ్చెను. తెలుపు రాజుబంటును రెండు గడులు నడుపగా, నలుపు తన రాజుబంటును ఒక్క గడియే నడుపును. ఇది చూపునకు పిఱికి ఎత్తు. కాని మూడవ ఎత్తున నల్లశకటు ముందుకు దూకినంతనే ఆట రూపు మాఱును. ఈ శాఖకు పోలెండు ఆటగాడు వినావర్ పేరు నిలిచినది.

ఫిషర్ తన గుఱ్ఱము పోవుటను లెక్కింపక శకటును కొట్టి, మంత్రిని పంపి, నల్లరాజు వైపునున్న రెండు బంట్లను హరించెను. ఆ బంట్లు పోయిన దారియే తాల్ ఏనుగునకు రాజమార్గమయ్యెను. 14వ ఎత్తు మొదలు, ఇద్దఱును తమ పావులను కాచుకొనుట మాని ఎదుటివాని పావులను కొట్టసాగిరి. 18వ ఎత్తున నల్లఏనుగు తెల్లరాజు ముంగిటి బంటును కొట్టి చెక్ చెప్పెను.

21వ ఎత్తునకు, బంట్లుగాక, ఫిషర్‌కు మంత్రియు ఏనుగును, తాల్‌కు మంత్రియు గుఱ్ఱమును మిగిలినవి. బలము ఫిషర్‌దే. కాని అతని రాజునకు చాటు లేదు. నల్లమంత్రి విడువక చెక్ చెప్పుచుండ, రాజునకు ఆ కొద్ది గడులలో తిరుగుటయే గతి. ఆట సమానమయ్యెను.

నాలుగు సున్నల తరువాత ఫిషర్‌కు దక్కిన అర పాయింటు అది. మఱుసటి యేడు 1961లో, బ్లెడ్ నగరమున అతడు తాల్‌ను గెలిచెను. 1972లో ప్రపంచ విజేత అయ్యెను. 1969లో వెలువడిన గ్రంథమున తన స్మరణీయములైన 60 ఆటలను ఏర్చినప్పుడు, ఈ డ్రాను అతడు విడువలేదు.

ఓటమికి జంకి చేతులు కలుపుటయు డ్రాయే. ఉన్నదంతయు ఇద్దఱును ఒడ్డిన పిమ్మట మిగిలినదియు డ్రాయే. ఫలితపు పట్టికలో రెండును ఒక్కతీరుననే కనబడును. బల్లచుట్టు నిలిచినవారు లేచిపోవుటకు ముందు, ఎత్తులను ఒకమాఱు తిరిగి చూడవలెను.