తోక లేని పేరు

నల్లగొండ బస్సుస్టాండులో నిలిచి “రామాపురము పోవలెను” అన్నచో, “ఏ రామాపురము?” అని కండక్టరు అడుగును. ఆ పేరు గల పల్లెలు తెలుగుదేశమున ఒకటికి మించి యున్నవి గదా! అతడు అడుగును గనుక మనము దారి తప్పము. కంప్యూటరు మాత్రము అడుగదు. తన వరుసలో ఏది ముందున్నదో దానినే నడిపించును.

పదే పదే చేయవలసిన పనులను ఆజ్ఞలుగా వ్రాసిపెట్టిన ఫైలునకు స్క్రిప్టు అని పేరు. పేరు చివర నొక చుక్క, దాని వెనుక రెండు మూడు అక్షరములు ఉండును. అది ఏ రకపు ఫైలో తెలుపు తోక యది. దానిని ప్రతిసారియు టైపు చేయనక్కరలేదు. విండోస్‌లో పాత్‌ఎక్స్‌ట్ అను పట్టిక యొకటి కలదు. మనము పేరు మాత్రమే ఇచ్చినచో, యంత్రము అందలి తోకలను వరుసగా తగిలించి చూచును. మొదట కామ్, పిదప ఈఎక్స్‌ఈ, అటుపై బ్యాట్, ఆ తరువాత సీఎండీ. పైథాన్ స్క్రిప్టుల తోకయగు పీవై అందు లేనిచో మనమే చేర్చుకొనవచ్చును.

లినక్స్‌లో తోకతో పనియే లేదు. మొదటి పంక్తిలో హ్యాష్ గుర్తును, ఆశ్చర్యార్థకమును ఉంచి, ఆ స్క్రిప్టును చదువవలసిన ప్రోగ్రాము ఎచట నున్నదో వ్రాయవలెను. నడచుటకు అనుమతి యిచ్చి, యంత్రము వెదకు ఫోల్డరులలో నుంచవలెను. ఈ మొదటి పంక్తి ఏర్పాటును 1980లో యునిక్స్‌కు కూర్చినవాడు డెన్నిస్ రిట్చీ.

ఇందలి లాభము చిన్నది కాదు. నేడు షెల్లులో వ్రాసినదానిని రేపు పైథాన్‌లో తిరిగి వ్రాసినను, పిలుచువారు పిలుపు మార్చుకొననక్కరలేదు.

అయినను జాగ్రత్త కావలెను. మా కార్యాలయమున వేరుశనగ ధరల పట్టిక తయారుచేయుటకు బ్యాట్ తోకతో నొక స్క్రిప్టు ఉండెడిది. క్రొత్తదానిని అదే పేరున, అదే ఫోల్డరులో, సీఎండీ తోకతో వ్రాసితిమి. పాతదానిని తీసివేయుట మరచితిమి. పేరు మాత్రమే టైపు చేయగా పాతదే నడచి, పాత ఫైలునే చదివి, గడచిన వారపు ధరలను అచ్చొత్తెను. సహోద్యోగి యొకరు తేదీ గమనించిరి గాని, లేకున్న ఆ ధరలు విని కాయను మార్కెట్టునకు తోలుకొనిపోయిన పాలమూరు రైతునకు మేమేమి చెప్పుకొందుము?

నాటినుండి మాకొక నియమము. ఒక ఫోల్డరులో ఒక పేరు ఒక్కదానికే. సందేహము కలిగినచో విండోస్‌లో ‘వేర్’ అను ఆజ్ఞను, లినక్స్‌లో ‘విచ్’ అను ఆజ్ఞను ముందుగా అడిగి చూతుము.

పాలమూరనిన మహబూబ్‌నగరమే యని మన వారందరును ఎరుగుదురు. పిలుపు ఎంత చిన్నదైనను తప్పు లేదు. ఎవరిని పిలుచుచున్నామో మనకు తెలిసియుండవలెను.