గంధరాజము కుండీలలో పూయుటకు వలయు సంరక్షణ



వరి, జొన్న, ఆముదము పండించు రైతునకు కుండీలోని పూలమొక్కను గూర్చి చెప్పవలసిన దేమున్నదని కొందరికి తోచవచ్చును. కాని గంధరాజమును పెంచిన ఇంటివారికి దాని చిక్కు తెలియును. తెచ్చిన నాడు మొక్క ముదురుపచ్చని ఆకులతో, నిండుమొగ్గలతో నిగనిగలాడుచుండును. కొన్ని మాసములు గడచునప్పటికి చివుళ్లు పసుపువన్నె దేలును. మొగ్గలు విచ్చుకొనకయే రాలును. ఇంటివారు దిష్టి తగిలినదని మిరపకాయలు త్రిప్పుదురు. లేక, మొక్క ఆకలిగొన్నదని తలచి పేడయు బూడిదయు వేయుదురు. ఎరువు హెచ్చిన కొలది మొక్క క్షీణించి తుదకు ఎండిపోవును. వ్యయమైన ధనమటుండగా, దేవుని పటమునకు ఒక పువ్వైనను దక్కదు. ఈ నష్టమునకు కారణము పెక్కుచోట్ల ఎరువు కొరత కాదు, బావినీటిలోని సున్నము.

గంధరాజము పుట్టినిల్లు దక్షిణ చైనా, దాని పరిసర దేశములు. అచట వానలు మెండు. అడవి ఆకులు కుళ్లి నేల పుల్లదనము గలిగియుండును. చైనావారు దీని పండ్లనుండి పసుపురంగును తీయుదురు. 1761లో జాన్ ఎల్లిస్ అను శాస్త్రజ్ఞుడు, దక్షిణ కరొలైనాలో వైద్యుడుగా నుండిన అలెగ్జాండర్ గార్డెన్ పేర ఈ జాతికి గార్డీనియా అని నామకరణము చేసెను. తెలుగుదేశపు గుట్టలమీద పెరుగు బిక్కిచెట్లును ఈ జాతిలోనివే. అవి రాతినేలలో, మండుటెండలో బ్రదుకుచున్నవి గదా యని గంధరాజమును అట్లే బ్రదుకునని తలపరాదు. దీనికి పుట్టినింటి పుల్లనేలయే కావలెను.

దీనికి హేతువు తెలిసికొనదగినది. ఆకునకు పచ్చదనము కలుగుటకు ఇనుము అవసరము. నేల పుల్లగా నున్నప్పుడే అందలి ఇనుము కరగి వేళ్లకందును. సున్నము చేరిన నేలలో ఇనుము ఎంతయున్నను కరగదు. గాదె నిండ ధాన్యముండి తలుపునకు తాళము పడినట్లగును. నేల పులుపును కొలుచు పి.హెచ్. లెక్కలో 5 మొదలు 6 వరకు ఉండుట గంధరాజమునకు మేలు. దక్కను బావుల నీరు తరచుగా 7 దాటియుండును. ఈ నీటినే ప్రతిదినము పోయుచుండగా, నీరు ఆవిరియై పోయి సున్నము కుండీలో మిగులును.

గుర్తించు విధము సులభము. నీళ్లు కాచు కాగు లోపల తెల్లని గార కట్టుచున్నను, కుండీ అంచున తెల్లని పొర పట్టుచున్నను ఆ నీటిలో సున్నమున్నదని గ్రహింపవలెను. లేతాకు పసుపై ఈనెలు మాత్రము పచ్చగా నిలిచిన, అది ఇనుము లోపము. అడుగున ముదురాకు ఒకటి రెండు పండి రాలుట సహజము; దానికి వైద్యమక్కరలేదు. అడుగాకులు పెక్కు పసుపై, మన్ను ఎల్లప్పుడు తడిగా నున్న యెడల వేళ్లు కుళ్లుచున్నవేమో చూడవలెను.

మొదటి చికిత్స వాననీరు. ఇంటి చూరునుండి పడు నీటిని మట్టిగోలెములలో పట్టి, మూతపెట్టి, ఈ మొక్కకు ప్రత్యేకించి వాడవలెను. అది చాలనప్పుడు బావినీటిని కాచి చల్లార్చి, తేరిన పైనీటిని పోయవచ్చును. ఆకులు పసుపైన మొక్కకు అన్నభేది 10 గ్రాములు, అనగా తులమునకు కొంచెము తక్కువ, 5 లీటర్ల వాననీటిలో కరగించి, తడిమన్నులో కుండీకి ఒక లీటరు చొప్పున మాసమునకొకమారు పోయవలెను. సున్నపునీటిలో కలిపిన అన్నభేది తుప్పువలె అడుగునకు దిగి వ్యర్థమగును. చెడిన పాత ఆకులు మరల పచ్చబడకపోవచ్చును. గుణము కనిపించినదో లేదో క్రొత్తచివురును బట్టి తెలిసికొనవలెను. బూడిదయు, సున్నమును, కూలిన గోడల మన్నును ఈ కుండీ దరికి రానీయరాదు. క్రొత్త సిమెంటు తొట్టినుండియు సున్నము దిగును గనుక మట్టికుండీయే శ్రేష్ఠము.

కుండీ పన్నెండంగుళముల వెడల్పు గలదై, అడుగున రంధ్రముండవలెను. రంధ్రముపై పెంకులు పరచి, ఎర్రమన్ను రెండు పాళ్లు, బాగుగా చివికిన ఆకుమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపవలెను. రేగడిమన్ను నీటిని పట్టియుంచును, సున్నమును గలిగియుండును, కావున పనికిరాదు. రెండు మూడేండ్లకొకమారు వర్షారంభమున మన్ను మార్చవలెను.

ఇక మొగ్గ రాలుటను గూర్చి. రాత్రులు 15 నుండి 18 సెంటిగ్రేడు డిగ్రీల చల్లదనమున్నప్పుడు మొగ్గ బాగుగా పుట్టును. కనుక శీతకాలము మొక్కకు గర్భధారణ కాలమనవచ్చును. కార్తీకము దాటిన పిమ్మట కొమ్మలు కత్తిరించినవారు రాబోవు పూవులనే కత్తిరించినవారగుదురు. పూత ముగిసిన వెంటనే, వానలుండగనే, ఆ పని ముగింపవలెను. మొగ్గ తొడిగిన పిదప కుండీని చోటు మార్చరాదు. నాలుగుదినములు ఎండగట్టి ఐదవనాడు ముంచెత్తిన యెడల మొగ్గలు రాలుట నిశ్చయము. పై అంగుళము మన్ను ఆరినదో లేదో వ్రేలితో చూచి నీరు పోయవలెను. ఉదయపుటెండ తగులుచు, మధ్యాహ్నము నీడపడు చోటు మేలు. వేసవిలో వడగాలికి చాటుండవలెను. కుండీ చుట్టునున్న నేలను తడుపుచుండిన గాలి చల్లబడును.

ఎరువు మితముగా చాలును. వానకాలమున రెండు మాసములకొకమారు గుప్పెడు వేపపిండి పైమన్నులో కలిపిన సరి. అధికమైన ఎరువు ఆకునే పెంచి పూవును తగ్గించును. చీమలు కొమ్మలపై బారులు తీరిన యెడల ఆకుల అడుగున పిండిపురుగు, పొలుసుపురుగు ఉన్నవేమో వెదకవలెను. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి, సాయంకాలము ఆకుల రెండువైపుల తడియునట్లు చల్లిన అవి తగ్గును.

కడపట ఒక మాట. కుండీ యన చిన్న పొలమే. పొలములో పెక్కేండ్లకు కనబడు కీడు కుండీలో ఏడాదిలోనే బయటపడును. గంధరాజమును పసుపుబార్చిన బావినీరే నిమ్మ, బత్తాయి తోటలకును, వేరుశనగ చేనికిని పారుచున్నది. ఆ పైరులలోను లేతాకు పసుపై ఈనెలు పచ్చగా నిలిచినచో, రైతు ఎరువుబస్తాకై అప్పు చేయుటకు ముందు, పొలపు మన్నును బావినీటిని భూసార పరీక్షకు పంపుట వివేకము. వాకిట నున్న పూలకుండీ చెప్పిన మాటను చెవినిడిన రైతు పువ్వునే గాక పంటను గూడ దక్కించుకొనును.