పిల్లలు కలగకపోతే మాత్ర ఎవరికి? పరీక్ష ఎవరికి?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీకాకుళం, విజయనగరం తీరగ్రామాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి నెలల తరబడి బోట్లమీద పనిచేస్తారని మనకు తెలుసు. 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో విడుదలైనవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. ఇక్కడ ఇంట్లో ఉన్న భార్యను మాత్రం 'పెళ్ళయి రెండేళ్ళయినా నెల తప్పలేదేం?' అని అడుగుతారు. గొడ్రాలంటారు. అత్తగారు ఆసుపత్రికి తీసుకుపోతే అండం విడుదల కావడానికని మాత్రలు రాస్తారు. మగడేమో సముద్రం మీద ఉంటాడు!

ఏ గర్భనిరోధక పద్ధతీ వాడకుండా ఏడాదిపాటు కాపురం చేసినా గర్భం రాకపోతేనే వైద్యులు దాన్ని సంతానలేమి అంటారు. ఆమెకు 35 దాటితే ఆరు నెలలు చాలు. ఆ లెక్క పెళ్ళినాటి నుంచి కాదు, కలిసివున్న నెలలనుబట్టి చూడాలి.

క్లోమిఫీన్, లెట్రోజోల్ అనే ఈ మాత్రలను ముట్టు మొదలైన తొలి రోజుల్లో ఐదురోజులు వాడతారు. పీసీఓఎస్ వంటి సమస్యవల్ల అండం సరిగా విడుదలకాని స్త్రీలకు ఇవి నిజంగానే మేలు చేస్తాయి. 2014లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, పీసీఓఎస్ ఉండి లెట్రోజోల్ వాడిన నూరుమందిలో సుమారు 27 మందికి, క్లోమిఫీన్ వాడినవారిలో సుమారు 19 మందికి బిడ్డలు పుట్టారు. కాని క్షయవల్ల మూసుకుపోయిన అండవాహికలను ఏ మాత్రా తెరవలేదు. భర్త వీర్యంలో కణాలు లేకపోతే ఆమె ఎన్ని మింగినా ఫలితముండదు. వీర్యపరీక్షకు నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. అయినా మగతనం మీద మాట వస్తుందని దాన్ని చివరికి నెడతారు. మగవాడి పరువుకోసం ఆడదాని శరీరం మూల్యం చెల్లించాలా?

ఈ మందులవల్ల కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. అండాశయాలు వాయవచ్చు. క్లోమిఫీన్‌తో చూపు మసకబారితే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. దాన్ని ఆరు నెలలకు మించి వాడకూడదు. ఇంజెక్షన్లతో ప్రమాదం మరీ ఎక్కువ. పొట్ట ఉబ్బి, ఆయాసం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. స్కానింగుతో కనిపెట్టి చూసేచోటనే వాటిని తీసుకోవాలి.

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ పరీక్షకు స్త్రీలను విషయం చెప్పకుండా చేర్చుకుంటుంటే స్త్రీశక్తి సంఘటన ప్రశ్నించింది. అది గర్భం రాకుండా ఇచ్చే మందు, ఇది రావడానికి ఇచ్చేది. రెండుచోట్లా ప్రశ్న ఒక్కటే: ఆమెకు చెప్పారా? రొమ్ముకాన్సర్ మందుగా వచ్చిన లెట్రోజోల్‌ను సంతానంకోసం వాడడాన్ని ప్రభుత్వం 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. ఆ మాత్ర మింగిన మన ఆడవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

కనుక కార్యకర్తలుగా మనం తోడువెళ్ళి అడుగుదాం. భర్తకు పరీక్ష జరిగిందా? మందు పేరేమిటి? ఎన్ని నెలలు? ఏం జరిగితే ఆపాలి? జవాబులు చీటీమీద రాయించుకుందాం. పిల్లలు కావాలో వద్దో చెప్పే హక్కు ఆమెది. పిల్లలు కలగకపోయినా ఆ ఇంట్లో బతికే హక్కు కూడా ఆమెదే.